గుర్తింపు పొందిన ఉల్లాస స్థలం

పైవాళ్ళకి మన మీద కోపమొస్తే ఒక మెమోతో తీరిపోతుంది. జాలి పుట్టిందంటే మాత్రం ఓ పట్టాన వదలదు. రాష్ట్ర గోనె సంచుల నియంత్రణ సంస్థలో పనిచేసే పదకొండు వందల మందికీ ఈ సంగతి ఆ ఏడు జనవరిలో తెలిసొచ్చింది.

అప్పటిదాకా ఆ సంస్థ ఒకరి జోలికి పోయేది కాదు, ఒకరితో అనిపించుకునేది కాదు. రాష్ట్రంలో ఎక్కడ గోనె సంచి తయారైనా కుట్టు గట్టిగా ఉందా, బరువు తూగిందా అని చూసి ముద్ర వెయ్యడం దాని పని. ప్లాస్టిక్ సంచులు వచ్చాక ముద్ర వేయించుకునే సంచులు తగ్గాయి గానీ, వేసేవాళ్ళు తగ్గలేదు. కాబట్టి అందరూ నిమ్మళంగా ఉన్నారు. అలాంటి చోటికి కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు గారు ఏదో చలిదేశంలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళారు. విహారయాత్రలు చేసే ఉద్యోగికి మనసు విశాలమవుతుందనీ, రక్తపోటు దిగుతుందనీ, తిరిగొచ్చాక రెట్టింపు పని చేస్తాడనీ అక్కడెవరో తెర మీద బొమ్మలేసి చూపించారట. ఉన్న పనే సగం లేనిచోట రెట్టింపు పని ఎక్కణ్ణించి తెస్తారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన విమానం దిగిన మర్నాడే సర్క్యులరు బయల్దేరింది.

"ఉద్యోగులలో ఉల్లాసము తగు స్థాయిలో లేదని సంస్థ గమనించినది. కావున ప్రతి ఉద్యోగి సంవత్సరమునకు ఒక పర్యాయము ఐదు దినముల విహారయాత్ర చేసి, విధిగా ఉల్లాసము పొందవలెను. ఉల్లాసము పొందినట్లు ధ్రువపత్రము దాఖలు చేయని ఉద్యోగి యొక్క సెలవు, పదోన్నతి, బదిలీ తదితర దస్త్రములు ఎట్టి పరిస్థితిలోను కదలవు."

ఆదోని కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు పొట్నూరు జగన్నాథం ఆ ఆఖరి వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. ఆయన దస్త్రం ఒకటి కదలాల్సి ఉంది. తొమ్మిదేళ్ళుగా కదలక, ఇప్పుడిప్పుడే కదిలేట్టు కనిపిస్తోంది.

సంగతేమిటంటే, జగన్నాథం భార్య హేమసుందరి శ్రీకాకుళం దగ్గర పాలకొండలో ఒక ఎయిడెడ్ బడిలో టీచరు. ఆ బడి ఆ ఒక్క ఊళ్ళోనే ఉంది. ఆవిణ్ణి బదిలీ చెయ్యాలంటే బడినే మొయ్యాలి. అంచేత కదిలితే జగన్నాథమే కదలాలి. పెళ్ళైన మూడో నెలలో ఆయన్ని ఆదోని వేశారు. రెండు రైళ్ళు, ఒక బస్సు, ఒకటిన్నర రోజు ప్రయాణం. పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరే, ఆ ఇద్దరూ రాష్ట్రానికి చెరో చివర. పాలకొండలో సంస్థకి బుల్లి కార్యాలయం ఒకటుంది, అందులో ఒకే ఒక సీనియర్ అసిస్టెంటు ఉన్నాడు, ఆ మహానుభావుడు మే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఇప్పుడు తప్పితే మళ్ళీ పద్దెనిమిదేళ్ళకి గానీ ఖాళీ అవదు. అప్పటికి జగన్నాథమే రిటైరైపోతాడు.

ఆయన కాగితం పట్టుకుని సూపరింటెండెంటు ఖాజా హుసేన్ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఏటీ లేదు, నా యాత్ర పాలకొండకి వేసుకుంటాను."

హుసేన్ కళ్ళజోడు సవరించుకుని నియమావళి తిరగేశాడు. "కుదరదప్పా. ఈడ రాసిండారు సూడు. స్వగృహము, అత్తవారి గృహము పనికిరాదంట. 'అచట ఉద్యోగి చేయునది విహారము కాదు, హాజరు' అంట. ఈ మాట రాసినోడెవడో పెండ్లైనోడే."

"మరి నాకు ఉల్లాసం అక్కడే కదండీ."

"నీకు యాడుండాదో ఎవురికి కావాల? వాళ్ళు సెప్పిన తావుకు పోయి తెచ్చుకోవల్ల. మబ్బులకోన అంట, కొండ మింద ఊరు. సంస్థ ఒప్పుకొన్న తావు అదొకటే. పోయిరాపో. పోకుంటే నీ ఫైలు ఈ బీరువాలోనే ముసలిదైపోతాది."

ఫిబ్రవరిలో జగన్నాథం మబ్బులకోన వెళ్ళాడు. వెళ్ళేసరికి కొండంతా గోనె సంచుల వాళ్ళే. ఒప్పుకున్న స్థలం ఒకటే, మార్చి ఆఖరుకి గడువు. ఇంకేముంది, పదకొండు వందల మందీ ఆ కొండెక్కారు. నెల్లూరు వాళ్ళు, ఏలూరు వాళ్ళు, హెడ్డాఫీసు వాళ్ళు, అందరి మెడల్లోనూ ఉల్లాస కార్డులు. సూర్యోదయం చూసే బండ దగ్గర బల్ల వేసుకుని ముద్రాధికారి ఒకాయన మఫ్లరు చుట్టుకుని కూచున్నాడు. వరసలో వెళ్ళి, సూర్యుణ్ణి చూసి, "చూశానండీ" అని చెప్పి ముద్ర వేయించుకోవాలి. బండ మీద ఒకసారికి ఆరుగురే పడతారు కాబట్టి, ఆఖరివాళ్ళు సూర్యోదయం చూసేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటేది.

"ఇది సూర్యోదయమేటండీ, నెత్తి మాడిపోతోంది," అన్నాడు జగన్నాథం.

"ఎప్పుడు చూశారన్న గడి ఇందులో లేదండీ. చూశారా లేదా, అంతే," అని ముద్రాధికారి టపీమని ముద్ర కొట్టాడు.

తక్కిన రోజంతా ఉద్యోగులు రెస్టుహౌసు వరండాలో గుంపులుగా కూచుని పదోన్నతుల జాబితా గురించి మాట్లాడుకునేవారు. ఆఫీసులో ఐతే ఆ మాటలు భోజనం వేళకే అయిపోయేవి, ఇక్కడ తీరుబడి దొరికి అయిదు రోజులు సాగాయి. జిల్లా కార్యాలయాలన్నీ తాళాలు వేసి ఉండడంతో నాలుగు లారీల సంచులు ముద్రల కోసం తిరిగి తిరిగి, చివరికి కొండ మీదికే వచ్చేశాయి. ఉద్యోగులు అక్కడే కుట్లు చూసి ముద్రలు వేసి పంపించారు. అందరి మొహాల్లోకీ కాస్త కళ వచ్చింది ఆ ఒక్క పూటే.

నాలుగో రోజు పొద్దున్న మాత్రం ఒక చిత్రం జరిగింది. జగన్నాథం ఒక్కడూ లోయ అంచున నిలబడితే, మబ్బులు పాకుతూ పైకొచ్చి ఆయన చొక్కా తడిపేశాయి. చెయ్యి చాపితే చేతికే తగిలాయి. నిజం చెప్పొద్దూ, ఆయనకి ఒళ్ళు పులకరించింది. పక్కకి తిరిగి "చూశావా" అన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఫోను చేద్దామంటే ఆ కొండ మీద సిగ్నలు లేదు. తడిసిన చొక్కాతోనే రెస్టుహౌసు దారి పట్టాడు.

తిరిగొచ్చి నివేదిక రాశాడు. ప్రయోజనములు ఒక గడి, ఇబ్బందులు ఒక గడి. జగన్నాథానికి అబద్ధం రాయడం చేతకాదు. ఇరవై ఏళ్ళుగా సంచి బరువు ఎంతుంటే అంతే రాసిన చెయ్యి అది. ప్రయోజనాల్లో గాలి చల్లగా ఉందనీ, నడిచినందుకు మోకాళ్ళ పట్టు వదిలిందనీ రాశాడు. మూడో అంశంగా, "మబ్బులు చేతికి అందాయి. మా ఆవిడ కూడా ఉంటే ఎంత బాగుండునో అనిపించింది" అని రాశాడు.

పదిహేను రోజుల్లో హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. "ప్రయోజనముల గడిలో మూడవ అంశమందు యాత్రలో లేని వ్యక్తి ప్రస్తావన కలదు. లేని వ్యక్తిని తలచుకొనుట ప్రయోజనమో, ఇబ్బందియో స్పష్టము చేయబడలేదు. ఉల్లాసము సందేహాస్పదము. ఉల్లాస నిర్ధారణ సంఘము ఎదుట స్వయముగా హాజరు కావలెను."

"అంత నిజం ఎవుడు రాయమన్యాడు నిన్ను?" అని హుసేన్ నెత్తి కొట్టుకున్నాడు. "నేను సూడు, మబ్బులు సూసి మనసు ఆకాశమంత అయిపోయెనని రాస్తి. ఆ అయిదు దినాలూ జలుబు సేసి రూములో పండుకొని ఉంటి."

ఉల్లాస నిర్ధారణ సంఘంలో ముగ్గురు. మధ్యలో సంయుక్త సంచాలకులు, ఉల్లాస విభాగం, శ్రీ విభూతి ప్రభాకరమూర్తి గారు. ఆయన సర్వీసంతా ఉత్తర్వులు రాసీ రాసీ నోటితో కూడా ఉత్తర్వులే మాట్లాడేవారు.

"తమరు మబ్బులకోన యందు మబ్బులను చూచి ఉల్లాసము పొందితిరా, లేదా?"

"పొందానండి. బాగానే ఉన్నాయి."

"'బాగానే' అనునది నమూనాలో లేదు. కలదా, లేదా?"

"కొంచెం కలదండి. తరవాత బెంగ వచ్చిందండి."

ప్రభాకరమూర్తి గారు పక్కనున్న సభ్యుడి వైపు చూశారు. బెంగకి గడి లేదని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సరి. మరి తమకు ఉల్లాసమనునది వాస్తవముగా ఎచ్చట కలుగును?"

జగన్నాథం ఆలోచించలేదు. "పాలకొండలో అండి. బస్సు దిగి ఇంటికెళ్తే మా ఆవిడ అరుగు మీద కూచుని పిల్లల కాపీలు దిద్దుతుంటుందండి. నన్ను చూసి లేవదు. తల కూడా ఎత్తదు. 'కాళ్ళు కడుక్కు రండి, అన్నం పెడతాను' అంటుంది. అక్కడ కలుగుతుందండి."

మూడో సభ్యుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ప్రభాకరమూర్తి గారు మాత్రం నియమావళి తెరిచారు.

"గత సంవత్సరము తమరు అచట ఎన్ని దినములు ఉంటిరి?"

"ఇరవై రెండండి."

"ఐదవ నియమము. 'సంవత్సరమునకు ముప్పది దినములకు తక్కువగా నివసించు స్థలము ఉద్యోగికి అపరిచిత ప్రదేశమగును.' స్వగృహమనగా నివసించు గృహము. తమరు నివసించుట లేదు. కనుక సదరు గృహము తమకు స్వగృహము కాజాలదు. విహారమునకు అర్హము."

సొంత ఇల్లు తనకి పరాయి చోటని కాగితం మీద తేల్చేశారని ఏడవాలో, అక్కడికి ఆఫీసు ఖర్చుతో అయిదు రోజులు పంపిస్తున్నారని నవ్వాలో జగన్నాథానికి తెలియలేదు. చేతులు జోడించి బయటికొచ్చాడు.

కొత్త స్థలం కాబట్టి పరిశీలన తప్పనిసరి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఏప్రిల్లో జగన్నాథం ఉల్లాస పరిశీలకుడు ఏకాంబరాన్ని వెంటపెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఏకాంబరం నడివయసు మనిషి. మాటలు తక్కువ, చంకలో ఎప్పుడూ అట్ట కట్టిన పుస్తకం. లాడ్జిలో దిగి రోజుకి మూడు పూటలా ఇంటికొచ్చి జగన్నాథం ఎంత ఉల్లాసంగా ఉన్నాడో రాసుకోవడం ఆయన పని.

"మీ వెనకాల ఆ మనిషెవరండీ?" అంది హేమసుందరి గుమ్మంలోనే.

"నా ఉల్లాసం చూడ్డానికి వచ్చారు."

"చూసి ఏటి చేస్తారు?"

"రాసుకుంటారు. మార్కులు బాగా పడితే బదిలీ ఫైలు కదులుతుంది."

ఆ మాటతో హేమసుందరి నడుం బిగించింది. పిల్లల్ని పబ్లిక్ పరీక్షలకి తయారు చేసిన మనిషికి మార్కులు తెప్పించడం ఒక లెక్కా. మొదటి రోజు ఆవపెట్టి పనసపొట్టు కూర చేసింది. రెండో రోజు బూర్లు. ఊరికే పక్కన కూచుని బడి కబుర్లు చెప్పింది. హెడ్మాస్టరు గారు బడిగంట కొట్టడానికి చూసుకునే వాచీ అరగంట వెనక్కి నడిస్తే ఊరు ఊరంతా అరగంట ఆలస్యంగా వంట చేసుకున్న కథ చెబితే జగన్నాథం గోడకి ఆనుకుని పడీ పడీ నవ్వాడు. ఏకాంబరం నవ్వుల గడిలో గీతలు గీస్తూ, చోటు చాలక పక్క పేజీకి వెళ్ళాడు. మూడో రోజు ఆయన కూడా నవ్వాడు. అది ఎక్కడ రాయాలో తెలియక రాయలేదు.

అయిదో రోజు సాయంత్రం మార్కులు కూడి చూపించాడు. నూటికి తొంభై ఏడు. బస్సు ఆలస్యమైనందుకు మూడు పోయాయి.

"రాష్ట్రం మొత్తం మీద ఇదే ఎక్కువండి," అన్నాడు ఏకాంబరం. "మబ్బులకోన సగటు నలభై ఒకటి." వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కన నీలం రంగు రేకు బోర్డు ఒకటి మేకులు కొట్టించాడు. 'గుర్తింపు పొందిన ఉల్లాస స్థలం. స్థల నిర్వాహకురాలు: శ్రీమతి పి. హేమసుందరి.'

మే రెండో వారంలో ఆదోనికి రెండు కవర్లు వచ్చాయి. మొదటి దాంట్లో ఉల్లాస ధ్రువపత్రం, బంగారు అంచుతో. హుసేన్ ఆఫీసులో అందరికీ టీ తెప్పించాడు. టీ తాగుతూ రెండో కవరు చింపాడు. చదువుతూ చదువుతూ గ్లాసు కింద పెట్టేశాడు.

"'పదునాల్గవ నియమము ప్రకారము, ఉద్యోగిని అతని ఉల్లాస స్థలమునకు ఇరువది కిలోమీటర్ల లోపు నియమించినచో, అచట అతనికి పని తగిలి ఉల్లాసము చెడును. కనుక శ్రీ పి. జగన్నాథం గారి పాలకొండ బదిలీ అభ్యర్థన శాశ్వతముగా తిరస్కరించడమైనది.'"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి వరం చేతికిచ్చి, ఇచ్చాను గనక గుళ్ళోకి రావద్దన్నాడు. జగన్నాథం ధ్రువపత్రం వైపు చూస్తూ కూచున్నాడు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కుర్చీని తన నవ్వే తన్నేసింది.

"నువ్వు అంత నవ్వకుండా ఉండాల్సిందప్పా," అన్నాడు హుసేన్ మెల్లగా. ఆయనకి నిజంగానే బాధేసింది.

ఇంటికి ఫోను చేసి ఈ సంగతి ఎలా చెప్పాలా అని జగన్నాథం రెండు రోజులు తటపటాయించాడు. మూడో రోజు హేమసుందరే చేసింది.

"ఏవండీ, మనింటికి చిత్తూరు నుంచి నలుగురొచ్చారు. మీ ఆఫీసు వాళ్ళేనట. ఉల్లాసం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. ఏటి చెప్పమంటారు?"

జగన్నాథం బదిలీ పోయిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాడు. తొంభై ఏడు మార్కుల స్థలమని జాబితాలో పైన వేశారు మరి. మబ్బులకోనలో ఉల్లాసం చాలక మెమోలు తిన్నవాళ్ళంతా, ఈసారి పాలకొండ దారి పట్టారు. హేమసుందరికి వేసవి సెలవులు. ఇంట్లో రెండు బస్తాల చింతపండు, పిక్కలు తియ్యాల్సింది, కుప్పగా పడుంది. వచ్చినవాళ్ళు ఊరికే కూచుని తన మొహం చూస్తుంటే తోచక, తలో చేటా చేతిలో పెట్టింది. చిత్రం, వాళ్ళకి నిజంగానే సరదా పుట్టింది. అరుగు మీద కాళ్ళు చాపుకుని చింతపిక్కలు తీస్తూ, చిన్నప్పటి కబుర్లు చెప్పుకుంటూ నవ్వుకున్నారు. నివేదికల్లో 'ప్రయోజనములు: చింతపండు' అని రాశారు. అది చదివి ఇంకో యాభై మంది వచ్చారు.

మే నెలాఖరుకి ఆ వీధి వీధి కాదు. ఎదురింటి వాళ్ళు లాడ్జి తెరిచారు. పక్కింటి వాళ్ళు 'అసలైన ఉల్లాసం ఇక్కడే' అని ఇంకో బోర్డు పెట్టారు. చింతపండు మన ఇళ్ళల్లోనూ ఉందంటూ వీధి చివర రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఆరు బస్తాలు పక్క మండలం నుంచి తెప్పించి మరీ పిక్కలు తీయించారు. హేమసుందరి పొద్దున్న లేచి తలుపు తీస్తే మెట్టు మీద కార్డులు తగిలించుకుని ముప్ఫై మంది. పెరట్లో స్నానానికి వెళ్ళడానికి కూడా దారి లేదు. గుంటూరు నుంచి వచ్చిన క్యాషియరు ఒకాయన ఏకంగా వంటింట్లోకి వచ్చి, ఆవ ఎక్కడ పెట్టారో చూపించమని ఫొటో తీసుకున్నాడు.

"ఏవండీ, నా ఇల్లు నాది కాకుండా పోయింది," అని ఫోనులో అంది. "లోకమంతా వచ్చి ఇక్కడ కూచుంటోంది. మీరొక్కరూ తప్ప."

జగన్నాథం ఏదో అనబోయేలోగా ఆవిడే అడిగింది.

"అన్నట్టు, వీళ్ళ కార్డుల మీద ముద్రలు పడటం లేదని గొడవ చేస్తున్నారేటి? ముద్ర ఎవరు వెయ్యాలి?"

"మబ్బులకోనలో ఐతే ముద్రాధికారి ఉంటాడు. అక్కడే కాపురం ఉంటాడు. మనింటికి ఎవర్నీ వెయ్యలేదు."

"వెయ్యలేదా," అంది హేమసుందరి. ఆ రాత్రే కాగితం, కలం తీసుకుంది.

ఆవిడ రాసిన అర్జీ ప్రభాకరమూర్తి గారి బల్ల మీదికి జూన్ మొదటి వారంలో చేరింది. స్థల నిర్వాహకురాలి హోదాలో రాసింది. తమ సంస్థ ఉద్యోగులు రెండు వందల పధ్నాలుగు మంది ముద్ర లేని ఉల్లాసంతో వెనక్కి వెళ్ళారనీ, ముద్ర లేని ఉల్లాసం చెల్లదు గనక ఇంత ఉల్లాసమూ వృథా అయిందనీ, వెంటనే ఒక నివాస ముద్రాధికారిని నియమించకపోతే తాను బోర్డు పీకి సామాన్ల గదిలో పడేస్తాననీ అందులో సారాంశం. ముద్ర లేకపోవడమన్న మాట ఆ సంస్థలో ఎవరూ భరించలేరు. ఒక్క రోజులో పోస్టు మంజూరైంది. దానికి జగన్నాథం దరఖాస్తు పెట్టుకున్నాడు. మళ్ళీ సంఘం ముందుకి రమ్మన్నారు.

"ముద్రాధికారి పదవికి ఒక నిబంధన కలదు," అన్నారు ప్రభాకరమూర్తి గారు. "సదరు స్థలమందు అతనికి ఎట్టి ఉల్లాసమును ఉండరాదు. ఉండినచో ముద్రలు పక్షపాతముగా పడును. పదునాల్గవ నియమము కూడ ఉల్లాసము ఉన్నవారికే వర్తించును, లేనివారికి వర్తించదు. తమకు ఏప్రిల్ మాసమున తొంబదియేడు కలదు. జూనులో శూన్యమెట్లయ్యెను?"

జగన్నాథం అబద్ధం ఆడనవసరం లేకపోయింది. "ఇంటినిండా ఉల్లాసానికి వచ్చినవాళ్ళేనండి. కూచోడానికి చోటు లేదు. మా ఆవిడతో మాట్లాడాలంటే వరసలో నిలబడాలండి."

ముగ్గురు సభ్యులూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యాత్రికులు ఎక్కువై స్థలం చెడిపోవడం గురించి చలిదేశపు సదస్సులో కూడా ఒక బొమ్మ వేసి చూపించారట. అందుచేత నమ్మారు. నియామకం తాత్కాలికం అన్నారు. మూడు నెలలకి పరిశీలన. ఉల్లాసం కనబడితే మర్నాడే ఆదోని రైలెక్కాలి.

జగన్నాథం జూన్ ఇరవయ్యో తారీఖున ట్రంకు పెట్టెతో పాలకొండలో దిగాడు. ఆషాఢం వానలు పట్టుకున్నాయి, చింతపండు అయిపోయింది, హెడ్డాఫీసు వాళ్ళు ఇంకో కొండ కనిపెట్టారు. యాత్రికులు రోజుకి ఇద్దరికీ ముగ్గురికీ దిగారు, తరవాత అదీ లేదు. ఆయన పొద్దున్నే అరుగు మీద బల్ల వేసుకుని ముద్ర పెట్టె తెరిచి కూచునేవాడు. ఆవిడ బడికి వెళ్ళేది, వచ్చేది. సాయంత్రం ఇద్దరూ వాన చూస్తూ టీ తాగేవారు. పెళ్ళై తొమ్మిదేళ్ళు దాటినా, మూడు నెలలు ఒక్క కప్పు కింద వరసగా ఉండడం వాళ్ళకి మళ్ళీ ఇదే. ఆయనకి ఆవిడ రాత్రిళ్ళు నిద్దట్లో పాఠాలు చెబుతుందని తెలిసింది. ఆవిడకి ఆయన కూరలో ఉప్పు తక్కువైనా చెప్పడని తెలిసింది. ఒకరోజు గొడుగు ఎక్కడ పెట్టారన్న దాని మీద చక్కగా పోట్లాడుకున్నారు కూడా. బస్సు వేళవుతోందని పోట్లాట మధ్యలో ఆపెయ్యాల్సిన పని లేకపోయింది.

సెప్టెంబరులో ఏకాంబరం వస్తున్నట్టు కార్డు ముక్క వచ్చింది.

"మీరు నవ్వకండి," అంది హేమసుందరి. "నేను కబుర్లు చెప్పను. కూర చప్పగా వండుతాను."

"నువ్వు ఎదురుగా ఉండకు. నిన్ను చూస్తే నా మొహం నిలవదు."

"సాక్షి సంతకం నేనే కదండీ పెట్టాలి. ఉండక ఎలా?"

ఏకాంబరం వచ్చి అరుగు మీద కూచుని పుస్తకం తెరిచాడు. జగన్నాథం బల్ల వెనక బిగుసుకుని కూచున్నాడు. హేమసుందరి గుమ్మాన్ని పట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడింది. ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. పని ఎక్కువా? అవునండి, లేకపోవడమే ఎక్కువగా ఉంది. నిద్ర పడుతోందా? పడుతోందండి, అంటే, అంతంత మాత్రం. భోజనం రుచిగా ఉందా? ఇవాళ లేదండి. గీతలు గియ్యడానికి నవ్వేదీ కనబడక ఏకాంబరం పేజీ తిప్పాడు.

"ఇంకొక్కటే ప్రశ్నండి. ఇది మీరు సాక్షి ఎదురుగా నోటితో చెప్పాలి," అని చదివాడు. "ఈ గృహమందు, ఈ గృహిణి సన్నిధిని, తమకు సంతోషము లేదు. అవునా?"

అవునండి అనాలి. ఒక్క మాట. ఆ మాట కోసం జగన్నాథం నాలుగు రోజుల నుంచీ పెరట్లో తిరుగుతూ నోట్లో నోట్లో వల్లె వేసుకున్నాడు. నోరు తెరిచాడు. హేమసుందరి తల ఎత్తి ఆయన వైపు చూసింది. అనండి, అనెయ్యండి అన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. ఆయనకి మాట రాలేదు. ఇరవై రెండు రోజుల ఏళ్ళన్నీ గుర్తొచ్చాయి, ఈ మూడు నెలలూ గుర్తొచ్చాయి, రేపు రైలు గుర్తొచ్చింది. కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామన్న తెలివి కూడా లేక అలాగే కూచున్నాడు. గుమ్మం దగ్గర ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏకాంబరం ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు. తరవాత కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, తొందర లేకుండా, ప్రతి అక్షరం గుండ్రంగా రాశాడు.

"సంతోషము అను మాట వినినంతనే ఉద్యోగియు, అతని భార్యయు కన్నీరు కార్చిరి. ఈ స్థలమందు ఉల్లాసము ఎంతమాత్రము లేదని రూఢియైనది. ఉద్యోగిని పదవీ విరమణ వరకు ఇచ్చటనే కొనసాగించవలెను."

పుస్తకం ఆవిడ వైపు తిప్పి కలం అందించాడు. హేమసుందరి రెండుసార్లు చదువుకుని, కింద సాక్షి సంతకం పెట్టింది.